నాయన చెవికి నేను ఎంచిన ఇయర్‌ఫోన్లు

గత నెలలో మా అమ్మాయికి ఇయర్‌ఫోన్లు కొనడానికి కర్నూలులో ఒక దుకాణానికి వెళ్ళాము. అమ్మాయి ఈ సంవత్సరమే డిగ్రీలో చేరింది. రోజూ బస్సులో రానుపోను రెండు గంటల ప్రయాణం. ఎంతలో కొనాలో ఇంటి దగ్గరే చెప్పి తీసుకువెళ్ళాను. ఆ ధరలోనే దుకాణం గోడ నిండా ఎన్నో రకాలు వేలాడుతున్నాయి: తీగ ఉన్నవి, లేనివి, చెవి రంధ్రంలో ఇమిడిపోయేవి, చెవి మీద బోర్లించేవి. దుకాణదారు ఒక్కొక్కదాన్నీ తీసి, "ఇది పెట్టుకుంటే పక్కన లారీ హారను కొట్టినా ఇనపడదు మేడం" అని గొప్పగా చెబుతున్నాడు. బయటి శబ్దాన్ని ఎంత గట్టిగా మూసివేస్తే అంత మంచి వస్తువని ఇప్పుడు లెక్క. అమ్మాయి రెండు జతలు తీసి, వాటి మధ్య ఎటూ తేల్చుకోలేక, ఒకదాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వు పెట్టుకోని చెప్పమ్మా, ఏది బాగుందో" అంది. నేను దాన్ని అరచేతిలో పట్టుకొని అలాగే నిలబడ్డాను. చెవి దాకా చేయి లేవలేదు.

ఇదే ఊళ్ళో, ఇంతకంటే ఎంతో తక్కువ ధరలో, నేనొకసారి ఇయర్‌ఫోన్లు ఎంచాను. మా నాయన చెవికి బయటి శబ్దం అందించడానికి వాటిని వెతికాను. ఆ ఎంపికలో నేను చేసిన పొరపాటును ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు దుకాణంలో అమ్మాయి నా ముఖం చూసి, "ఏమైందమ్మా" అని అడిగినప్పుడు కూడా చెప్పలేకపోయాను. అందువల్ల రాస్తున్నాను.

మాది బేతంచెర్ల. నాయన పేరు సుంకన్న. నాపబండలను కోసి నునుపు చేసే ఒక ఫ్యాక్టరీలో పని. మా ఇల్లు ఒకే గది. ఆ గదికి నేల నాయన స్వయంగా పరిచినదే; ఫ్యాక్టరీలో పనికిరావని పక్కన పడేసిన బండలు అడిగి తెచ్చి పరిచాడు. ఒకటి పసుపు, ఒకటి బూడిద రంగు, ఒకటి మూల విరిగినది. ఏ రెండింటికీ పొంతన లేదు. ఆ నేల మీదనే బోర్లా పడుకొని నేను ఒకటో తరగతి నుండి ఇంటర్మీడియట్ దాకా చదివాను. మండే ఎండాకాలంలో కూడా కడుపు కింద చల్లగా ఉండేది. సాయంత్రం నాయన రాగానే అమ్మ ఆయన చొక్కా విప్పించి వాకిట్లో నీళ్ళలో నానవేసేది. బండ కోసేటప్పుడు చిమ్మే తెల్లటి బురద ఎండి, ఆ చొక్కా అట్ట మాదిరి బిగిసి, గోడకు ఆనిస్తే తనంతట తాను నిలబడేది. తడిసిన రాతి వాసన, దానితో కలిసి పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన. మా ఇంట్లో సాయంత్రం అయిందని గడియారం చూడకుండానే తెలిసేది.

నాయన మొదటి పదేళ్ళు బండలు మోశాడు. నడుము చెడిన తరువాత ఆయనను బండ తట్టే పనికి మార్చారు. కోసిన బండ కంటికి నిండుగానే కనిపిస్తుంది. లోపల పగులు ఉంటే పైకి తెలియదు. దాన్ని గోడకు ఆనించి, చిన్న సుత్తితో నడుమ ఒక్కసారి తట్టి, తల పక్కకు వంచి వినాలి. గట్టి బండ కంచుగిన్నె మాదిరి మోగుతుంది, ఆ మోత కాసేపు నిలుస్తుంది. పగులున్న బండ కుండపెంకు మాదిరి మొద్దుగా పలికి ఆగిపోతుంది. మోగినది లారీకి, మోగనిది పక్క కుప్పకు. యంత్రాలు తిరుగుతున్నప్పుడు ఈ పని జరగదు. కనుక కరెంటు పోయినప్పుడల్లా ఊరంతా విసుక్కొంటే నాయనకు అదే పనివేళ. కోత యంత్రాలు మూలుగుతూ ఆగేవి. కూలీలు నీడకు పోయి బీడీలు ముట్టించేవారు. ఆ నిశ్శబ్దంలో నాయన సుత్తి ఒక్కటే పలికేది. సద్ది తీసుకొని వెళ్ళే నాకు ఆ మోత గేటు బయటికే వినిపించేది.

తట్టి వినే ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చింది. సంతలో కుండను, కొబ్బరికాయను అందరూ తట్టి చూస్తారు. నాయన స్టీలు గ్లాసును, తలుపు చెక్కను, నాకు కొన్న పలకను కూడా వేలి కణుపుతో తట్టి వినేవాడు. అన్నానికి కూర్చోగానే కంచాన్ని ఒకసారి తట్టవలసిందే. "పగిలిందేమో సూస్తాండావా? నిన్న దాంట్లోనే గదా తిన్నావు" అని అమ్మ రోజూ ఎత్తిపొడిచేది. పదో తరగతి మార్కుల జాబితా తెచ్చి చేతికి ఇచ్చినప్పుడు, చదవడం రాని ఆయన దాన్ని కూడా వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని, "గట్టిదే" అన్నాడు. మా వంశంలో బడి గడప తొక్కి పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. అంతకంటే పెద్ద ప్రశంస నాకు తరువాత కూడా ఎవరూ ఇవ్వలేదు.

నాయన చెవులు పోతున్న సంగతి నేను కంచం దగ్గరే కనిపెట్టాను. అప్పటికి నేను కర్నూలులో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. దసరా సెలవులకు ఇంటికి వస్తే, ఆయన కంచాన్ని తట్టకుండా అన్నం కలుపుకొన్నాడు. మరునాడూ అంతే. మూడోనాడు నేనే నా కంచాన్ని గట్టిగా తట్టి ఆయన ముఖం చూశాను. తల ఎత్తలేదు. ఫ్యాక్టరీలో అందరూ అరిచే మాట్లాడుకొంటారు గనుక అక్కడ ఎవరికీ తేడా తెలియలేదు. ఇంట్లో అమ్మ, "పలికితే ముత్యాలు రాల్తాయని మూగనోము పట్టినాడు మీ నాయన" అని నవ్వేది. ఆమెకూ అర్థం కాలేదు.

సంక్రాంతి దాటిన తరువాత ఒక ఆదివారం నేను ఇంట్లో ఉన్నప్పుడు నాయన గడప మీద కూర్చొని, నన్ను పక్కకు పిలిచాడు.

"పాపా, బండలు ముందర మాదిరి మోగడంల్యా" అన్నాడు.

"ఏ బండలు నాయనా?"

ఆయన నా పెదవులను చూస్తున్నాడు. మళ్ళీ అడిగాను.

"అన్నీ" అన్నాడు.

"రాయి మారిందేమో."

"ఇన్ని గనుల రాయి ఒక్కసారే మారుతాదా పాపా?" అని, "మొన్న నేను బాగుండాది అని పంపిన బండ మద్దిలేటి చేతుల్లో రెండుగా ఇరిగింది. జానెడు దూరంలో పడింది వాని కాలికి. వానికి ఇద్దరు పిల్లోళ్ళు" అన్నాడు.

మద్దిలేటి లారీలకు బండలు ఎత్తే మనిషి. నాయన కంటే పదిహేనేళ్ళు చిన్న. మామా అని పిలుస్తూ నాయనను ఆటపట్టించేవాడు. ఆ రోజు బండ విరిగినప్పుడు ఫ్యాక్టరీ యజమాని శెట్టి, ఇంకొకసారి ఇట్లా జరిగితే తట్టే పని వేరేవాళ్ళకు ఇస్తానని చెప్పాడట.

"మోసే పనికి పంపిస్తే ఈ నడుముతో ఆర్నెల్లు కూడా ఉండలేను. పనికి రానని చెప్పేద్దామంటే నీ చదువు ఇంకా సంవత్సరం మింద ఉండాది. అదొక్కటి అయిపోనీ. అంతవరకు యాదన్నా దారి సూడు పాపా. సదువుకున్నావు గదా" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను చాలా కాలం తరిమింది. చదువుకొన్నాను కనుక దారి తెలిసి ఉండాలి. నాకు తెలిసిన దారి ఒక్కటే: కర్నూలులో చెవి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. చెవిలో పెట్టుకొనే మిషను కావాలని ఆయన చెప్పి, ధర కూడా చెప్పాడు. నాయనకు వినిపించలేదు. ఆ ధరను నేను గట్టిగా అరిచి చెప్పవలసి వచ్చింది. బయట బెంచీల మీద కూర్చున్నవారందరూ తలలు తిప్పి మా బట్టలను చూశారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేమిద్దరమూ మాట్లాడుకోలేదు. మాట్లాడాలంటే అరవాలి. అరిచి చెప్పదగిన మాట నా దగ్గర ఒక్కటీ లేదు.

మా పక్కింటి ఖాదర్‌బీ కొడుకు కువైట్‌లో ఉండేవాడు. ఫోన్లు రాకముందు ఆ తల్లీకొడుకులు ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాటలు నింపి పంపుకొనేవారు. అందుకోసం అతడు పంపిన అరచేతి పొడవు టేపు రికార్డరు, సెల్‌ఫోను వచ్చాక ఆమె ఇంటి గూట్లో పడి ఉండేది. కాలేజీలో పాఠాలు రికార్డు చేసుకొంటానని అడిగితే, "తీస్కపో బేటీ. నా ఏడుపులన్నీ దాంట్లోనే ఉండాయి. తుడిచేసి నీ పాఠాలు పెట్టుకో" అని ఇచ్చేసింది. దాన్ని పరీక్షిస్తూ, రికార్డు చేసే మీటను, నిలిపి ఉంచే మీటను కలిపి నొక్కి, దాని పాత ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకొన్నాను. అమ్మ పొయ్యి దగ్గర రొట్టె తడుతున్న చప్పుడు నా తల లోపలే జరుగుతున్నట్లు వినిపించింది. వీధిలో పోయే సైకిలు గొలుసు చప్పుడు కూడా వినిపించింది. రికార్డరు లోపలి మైకు చుట్టూ ఉన్న శబ్దాన్ని పట్టి, పెంచి, చెవికి పంపుతున్నది. డాక్టరు చెప్పిన మిషను చేసే పని ఇదే గదా అనుకొన్నాను. ఆ పాత ఇయర్‌ఫోన్ల తీగ లోపల తెగి, కదిపితే పలికేది, వదిలితే ఆగేది. కొత్తవి కొంటే చాలు. నాయన పని నిలుస్తుంది, మద్దిలేటి కాళ్ళు నిలుస్తాయి, నా చదువు నిలుస్తుంది. ఇంత భారం ఒక జత ఇయర్‌ఫోన్ల మీద పెట్టి నేను వెతకడం మొదలుపెట్టాను.

మొదట కర్నూలు బస్టాండు ముందర తోపుడుబండి మీద అతి చవకైనవి కొన్నాను. ఒక వైపే పలికింది. మరునాడు పోట్లాడి మార్చుకొన్నాను. ఆ కొత్త జత కూడా ఒక వైపే పలికింది. మూడోసారి వెళ్ళినప్పుడు బండివాడు, "సరుకు మంచిదే ఉండాది. నీ చెవే ఒకటి పోయినట్లుండాదమ్మా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అంత చిన్న మాటకు ఆ రోడ్డు మీద నాకు ఏడుపు వచ్చింది. నా ముఖం చూసి జాలిపడిన ఒక ముసలాయన, రేడియోలు బాగుచేసే కరీం సాయిబు దుకాణానికి దారి చెప్పాడు.

కరీం సాయిబు రికార్డరును, పిన్నును చూడగానే, "సరుకు తప్పు కాదు, నీ చెవి తప్పు కాదు" అన్నాడు. "ఇది ఒక నోరు మాట్లాడే మిషనమ్మా. రెండు చెవులకు రెండు మాటలు అడిగే పిన్ను పెట్టినావు దీనికి. అందుకే ఒక చెవి ఊరకుంటాది. నేను పిన్ను మార్చి, రెండూ కలిపి టంకం వేసిస్తా. జత మాత్రం నువ్వే ఎంచుకో. ఏం పాటలు ఇంటావు?"

"పాటలు వినడానికి కాదండి."

"మరి ఏం ఇంటావు?"

"బండలు" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకొని నన్ను చూశాడు. వచ్చే వారం వస్తానని చెప్పి వచ్చేశాను.

ఆ వారాంతం ఇంటికి వెళ్ళి నాయనతో రెండు బండముక్కలు కావాలని చెప్పాను. ఒకటి గట్టిది, ఒకటి పగులున్నది. ఆయన తన చెవి బాగున్న కాలంలో తట్టి పక్కన పెట్టిన కుప్పలోనుండి ఒకటి ఏరి, మంచిదొకటి తీసి, రెండింటినీ పలక అంత కోసి ఇచ్చాడు. రెండూ ఒకే రంగు. తుండుగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకొని బస్సు ఎక్కాను. దిగేటప్పటికి సంచి తాడు భుజాన్ని కోసేసింది. హాస్టలుకు పోకుండా నేరుగా దుకాణానికి నడిచాను. బల్ల మీద పెట్టగానే, "ఇదేందమ్మా, ధర ఎక్కువ చెబితే నా నెత్తిన ఏస్తావా?" అన్నాడు కరీం సాయిబు. సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆపి, ఉపకారవేతనంలో నేను మిగిల్చుకొన్నదానికి సరిపోయే మూడు జతలు తీసి ముందు పెట్టాడు.

మొదటిది తల మీదుగా వేసుకొనే పెద్దది. చెవికి మెత్తగా ఉంది. శబ్దం పెంచగానే దాని అంచుల గుండా బయటికి కారిన చప్పుడును మైకు మళ్ళీ పట్టుకొని, చెవులు చిల్లులు పడేటట్లు కీచుమని కూసింది. పక్కన పెట్టాను. రెండోది రబ్బరు తొడుగుతో చెవిలో దిగే రకం, ఆ దుకాణంలో అందరూ అడిగి కొనేది. పాట వేసి చూపిస్తే డోలు దెబ్బలు గుండెలో పడ్డాయి. కాని బండను తట్టితే గట్టిదీ గుమ్మని పలికింది, పగిలినదీ గుమ్మనే పలికింది. రెండింటికీ తేడా తెలియలేదు. మూడోది సొరుగు అడుగునుండి తీశాడు.

"ఇది పాటకు పనికిరాదమ్మా. తబలా వాయిస్తే రేకుడబ్బా కొట్టినట్లుంటాది. సిగ్గుపడి అడుగున ఏసినా" అన్నాడు.

దాన్ని పెట్టుకొన్నాను. డోలు లేదు, గొంతులో నిండుదనం లేదు. అన్నీ సన్నగా, పీలగా ఉన్నాయి. బండను తట్టగానే ఆ మోత దారం మాదిరి సాగి, సాగి, ఆరింది. పగిలిన ముక్క టక్కుమని ఆగిపోయింది. కరీం సాయిబు ముక్కలను బల్ల కిందకు దింపి, నాకు కనిపించకుండా ఒకదాని తరువాత ఒకటి తట్టాడు. పదిసార్లు తట్టాడు. పదిసార్లూ సరిగ్గా చెప్పాను. నెలల తరువాత నాకు ఊపిరి ఆడినట్లయింది.

టంకం వేస్తూ ఆయన, "పెట్టుకునేది మీ నాయన గదా. ఆయన్నే తెచ్చింటే బాగుండేది. ఎవరి చెవి వాళ్ళదమ్మా" అన్నాడు.

"సెలవు దొరకదండి. నేను విన్నాను గదా" అన్నాను.

శనివారం ఇంట్లో నాయనను గడప మీద కూర్చోబెట్టి, రికార్డరును జేబులో ఉంచి, రెండు చెవుల్లో పెట్టాను. ఆయన బండముక్కలను చేతిలోకి తీసుకొని, ఒకదాన్ని తట్టి, తల పక్కకు వంచి, "ఇది గట్టిది" అన్నాడు. రెండోది తట్టి, "ఇది పగిలింది" అన్నాడు. నేను మార్చి ఇచ్చాను. మళ్ళీ సరిగ్గానే చెప్పాడు. కళ్ళు మూసుకోమని నేను అడగలేదు. ఆ ముక్కలను ఏరి కోసి ఇచ్చింది ఆయనేనని, తన చేతి కోతను ఆయన అంచు చూసి గుర్తుపట్టగలడని నాకు తోచలేదు. "ఇనపడతాండాదా నాయనా?" అని అరిచాను. "ఇనపడతాండాది పాపా. శానా బాగుండాది" అన్నాడు. ఆ పూట అన్నానికి కూర్చొని కంచాన్ని తట్టాడు. అమ్మ, "మల్లా మొదలుపెట్టినాడు మహానుభావుడు" అని నవ్వింది. నేను పెరట్లోకి పోయి కళ్ళు తుడుచుకొని వచ్చాను.

బురద తగలకుండా రికార్డరును పాలకవరులో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకొని, చెవుల్లో తీగలతో నాయన పనికి పోయేవాడు. చెవి సంగతి ఎవరికీ తెలియకూడదు కనుక, పాటలు వింటున్నానని చెప్పుకోవలసి వచ్చింది. జీవితంలో ఒక్క పాటను కూనిరాగం తీయని మనిషి. వేసవికి ముందు నేను సద్ది తీసుకొని వెళ్ళిన ఒకరోజు మద్దిలేటి నా ఎదుటే, "ఏం మామా, ఈ వయసులో పాటలేందప్పా? మా అత్తకు సవతిని తెస్తాండావా ఏంది?" అన్నాడు. కూలీలందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. అందరి తరువాత, వాళ్ళ ముఖాలు చూసి నవ్వాడు. ఆ ఆలస్యాన్ని నేను చూశాను. చూసి కూడా, బండల మోత వింటున్నాడు కదా, మాటలు అందకపోతే ఏమి అనుకొన్నాను.

ఆ తరువాత ఒక్క బండ కూడా మద్దిలేటి చేతుల్లో విరగలేదు. అది నా ఎంపిక ఫలితమని నేను నమ్మాను. హాస్టల్లో పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ సన్నటి మోత తలచుకొని ధైర్యం తెచ్చుకొనేదాన్ని. ఇంటికి వచ్చినప్పుడు నాయన నడుముకు అమ్మ ఉప్పు కాపడం పెడుతూ కనిపించేది. "తట్టే పనికి నడుమెందుకు నొస్తాంది?" అని అడిగితే, "పొద్దస్తమానం నిలబడేదే గదా పాపా" అనేవాడు. నమ్మాను. చదువుకొన్నదాన్ని, ఆ ఒక్క ప్రశ్నను ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోలేదు.

మరుసటి సంవత్సరం నా చివరి పరీక్షలు ముగించుకొని ఇంటికి వచ్చాను. వచ్చిన నాలుగో రోజు పట్టపగలు మద్దిలేటి తెల్లటి దుమ్ముతో పరుగెత్తి వచ్చాడు.

"లచ్చిమీ, మామ కాలి మింద బండ పడింది. లారీలో కర్నూలుకు తీస్కపోతాండారు, నువ్వూ రా" అన్నాడు. దారి పొడుగునా వగరుస్తూ చెప్పాడు. "ఎత్తొద్దు మామా అంటే ఇనడు. సంవత్సరం నుంచి ఇదే వరస. కొన్ని బండలు నన్ను ముట్టనియ్యడు. ముందు తానే ఎత్తుకోని, పది అడుగులు నడిచి, దించి, ఇంక నువ్వు తీస్కపో అంటాడు. ఇదేం పిచ్చి మామా అని ఎన్నిసార్లు అడిగినా! పాటలు ఇనుకుంటా ఉంటాడు, పలకడు. ఈ పొద్దు ఎత్తినాడు, ఎత్తినట్లే నడిమికి ఇరిగిపోయింది."

ఆసుపత్రిలో నాయన రెండు కాలివేళ్ళు తీసివేశారు. సాయంత్రం ఆయన కళ్ళు తెరిచేటప్పటికి నేను ఆయన చొక్కా జేబులోని రికార్డరును తీసి, కవరు విప్పి, నా చెవుల్లో పెట్టుకొని చూశాను. చెడిపోలేదు. మూలమంచం దగ్గర చెంచా గ్లాసుకు తగిలిన చప్పుడు కూడా దారం మాదిరి సాగి వినిపించింది. తీసి ఆయన చెవుల్లో పెట్టి, మంచం పట్టీని చెంచాతో తట్టాను. ఆయన నా పెదవులనే చూస్తున్నాడు.

"మొదటి దినం నుంచీ ఇంతే పాపా" అన్నాడు. "సన్నగా గాలి కొట్టినట్లుంటాది. బండది ఏమీ ఇనపడల్యా."

"మరి ఆ పొద్దు ఇనపడతాండాదని ఎందుకు చెప్పితివి నాయనా?" అని అడిగాను. ఆయనకు వినిపించేటట్లు అడగడమంటే ఆ వార్డంతా వినేటట్లు అరవడమే. అందరూ మా వైపు తిరిగారు.

ఆయన చెవుల్లోని తీగలు తీసి నా చేతికి ఇచ్చాడు.

"ఆ బండలు మోసుకోని అంత దూరం పోయొచ్చినావు గదా" అన్నాడు.

తరువాత నేను ఉపాధ్యాయురాలినై సైన్సు పాఠాలు చెప్పడానికి పుస్తకాలు తిరగేసినప్పుడు తెలుసుకొన్నాను. యంత్రాల హోరు చెవిలో మొదట చంపేది సన్నని, తీగలాంటి శబ్దాలనే. లోతైన శబ్దాలు ఎక్కువ కాలం మిగులుతాయి. నేను వెతికి, పరీక్షించి, పదిసార్లు సరిచూసి ఎంచిన జత, ఆయన చెవిలో చచ్చిపోయిన శబ్దాలను మాత్రమే మోసుకువచ్చేది. వద్దని పక్కన పెట్టిన గుమ్మనే జత ఆయనకు కొంతైనా అందించేదేమో. అందినా తేడా తెలిసేదో లేదో. ఆ ప్రశ్నకు సమాధానం తెలిసిన మనిషి ఇప్పుడు లేడు. ఆయనను ఆ బల్ల ముందు కూర్చోబెట్టి అడిగే అవకాశాన్ని, నేను విన్నాను గదా అనే ఒక్క మాటతో పోగొట్టుకొన్నాను.

నాయన మళ్ళీ ఫ్యాక్టరీకి పోలేదు. నా మొదటి జీతాలు కూడబెట్టి డాక్టరు చెప్పిన మిషను కొన్నాను. ఈసారి ఆయనను వెంట తీసుకువెళ్ళాను. దానితో మాటలు కొద్దిగా వినేవాడు. అయితే కంచాన్ని మాత్రం పోయేదాకా మళ్ళీ తట్టలేదు. డిగ్రీ పట్టా తెచ్చి చేతిలో పెట్టినప్పుడు కూడా రెండు చేతులతో పట్టుకొని చూసి, తట్టకుండానే తిరిగి ఇచ్చాడు. ఇప్పుడు మా ఊళ్ళో కూడా కొత్త ఇళ్ళకు టైల్సు వేస్తున్నారు. నా తరగతిలో సగం మంది పిల్లల చెవుల్లో తీగలు ఉంటాయి. తీయమని చెప్పబోయి, వాళ్ళు ఏమి వింటున్నారో నాకేమి తెలుసునని ఒక్క క్షణం ఆగుతాను. ఆ రెండు బండముక్కలు నా బీరువాలో ఉన్నాయి. ఏది గట్టిదో, ఏది పగిలినదో తట్టి చూసే ధైర్యం ఇన్నేళ్ళలో రాలేదు.

దుకాణంలో అమ్మాయి ఇంకా నా వైపు చూస్తూనే ఉంది. నేను ఆ ఇయర్‌ఫోన్లను ఆమె చేతిలోనే తిరిగి పెట్టాను.

"నీ చెవికే పెట్టుకో. రెండూ పెట్టుకోని, బాగా విని చెప్పు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. నేనేమీ అనుకోను" అన్నాను.

అమ్మాయి రెండింటినీ మార్చి మార్చి పెట్టుకొంది. చాలాసేపు విన్నది. నన్ను ఒకసారి, దుకాణదారును ఒకసారి చూసి, బెరుకుగా, "రెండూ బాగలేవమ్మా" అంది.

ఆ సాయంత్రం మేము మూడు దుకాణాలు తిరిగాము.